బయానా

మా ఇంట్ల 'బయానా' అనే మాట నాకు ఓనమాలు రాకముందే తెలుసు.

ఊర్ల పెండ్లి కుదిరితే మా తాతకు బయానా ముట్టేది. పెండ్లివారి మనిషి మాదిగ గేరి మొగన నిలబడి, తాత దోసిట్ల పైకెల్లి రూపాయి బిళ్ల వేసి, "ఫలానా నాడు నలుగురు డప్పులు తీస్కొని రావాలె" అని చెప్పిపోయేటోడు. ఆ రూపాయి ముట్టినంక మా తాత కాలు మా తాతది కాదు, చెయ్యి మా తాతది కాదు. ఒకసారి బయానా తీసుకున్న పెండ్లి నాడే మా మేనత్త బిడ్డ పురిట్ల చచ్చిపోయింది. తాత పోలేదు. తెల్లారి కచ్చీరు కాడికి పిలిపించి వేపచెట్టుకు కట్టేసి కొట్టిండ్రు. బయానా తీసుకొని ఎగ్గొట్టుడే ఆయన చేసిన నేరం. మా జేజి ఈ సంగతి చెప్పినప్పుడల్లా చివర్ల ఒకటే మాట అనేది: "ఒక్క రూపాయికి కట్టేసిండ్రు కొడుకా."

మా నాయిన డప్పు దించి పార పట్టిండు. దేశమంతా 'పాలమూరు లేబర్' అని పిలిచిన గుంపులల్ల ఒకడైండు. మాది నడిగడ్డ. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, నడుమ గద్వాల, ఆలంపురం. రెండు నదులు పారే జాగల పుట్టి బతుకుదెరువుకు వలసపోయిన మనుషులం మేము. గుంపు మేస్త్రి వచ్చి ఇంటికి ఇంత అని అడ్వాన్సు ఇచ్చేది. ఆ పైసలు అదే రాత్రి అప్పులోళ్లకు పోయేవి. మా అమ్మానాయినలు మాత్రం పది నెలలు పూణె దిక్కో, బొంబాయి దిక్కో పోయి మంది ఇండ్లకు పునాదులు తవ్వేది. నడుమల పారిపోయి వస్తే మేస్త్రి మనుషులు ఇంటి మీదికి వచ్చేది. ఎన్ని ఇండ్లకు పునాది తవ్విండో మా నాయినకు లెక్క తెల్వదు. మేమున్నది మాత్రం వానకు ఉరిసే మట్టిమిద్దె.

ఈ రెండూ మేము తీసుకున్న బయానాలు. రెండింటికీ మేము కట్టుబడి ఉన్నోళ్లమే. మా వంశంల బయానా ఇచ్చినోణ్ణి నేనే మొదటివాణ్ణి. అది ఏమైందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

2012 డీఎస్సీల నాకు టీచరు నౌకరి వచ్చింది. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే. నౌకరి వచ్చినంక తొమ్మిదేండ్లు గద్వాల దిక్కే పనిచేసిన. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలై వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరువేరు జిల్లాలైనయి. 2021 డిసెంబరుల 317 జీవో వచ్చి మమ్ములను కొత్త జిల్లాలకు పంచింది. నేను వనపర్తికి పడ్డ.

వనపర్తి రాజావారి బంగ్లాల పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్న ఊరు. చదువులకు పేరున్న ఊరు. అక్కడ కిరాయి ఇల్లు అడిగితే మొదలు జీతం అడగలేదు, పిల్లలెందరని అడగలేదు. "సార్, మీరేమోళ్లు?" అని అడిగిండ్రు. నాలుగు ఇండ్ల కాడ ఇదే. ఒక ఇంటాయన మర్యాదస్థుడు. నేరుగా అడగకుండా "ఇంటిపేరు ఏంది, ఏ ఊరు, ఊర్ల ఏ దిక్కు ఇల్లు" అని తిరిగి తిరిగి గేరికే వచ్చిండు. ఐదో ఇంట్ల ఒక ముస్లిం ముసలామె "ఒకటో తారీఖు కిరాయి ఇస్తవా?" అని ఒక్కటే అడిగింది. ఆ ఇంట్లనే దిగినం.

మూడేండ్లు గడిచినయి. మా ఇంటామె అన్నది: "కిరాయికుంటే ప్రతి ఇంటి ముందట నిలబడి కులం చెప్పుకోవాలె. కొనుక్కుంటే ఎవరికి చెప్పాలె?" ఆమె మాట నాకు నిజమనిపించింది. మేము 2004 తర్వాత నౌకరిల చేరినోళ్లం, సీపీఎస్ వాళ్లం. జీపీఎఫ్ ల నుంచి తీసుకొని ఇల్లు కొనే అవకాశం లేదు. బ్యాంకు లోనే దిక్కు. జీతం కాగితాలు పట్టుకొని బ్యాంకుకు పోయినం. ఎంత ఇస్తరో తెలుసుకున్నం. బ్రోకరును పట్టుకున్నం.

ఒక ఇల్లు కుదిరింది. 133 గజాలల్ల రెండు గదులు, వంటిల్లు, ముందట జామచెట్టు. అమ్మేటాయన 34 లక్షలన్నడు. నేను 30 అన్న. చాయ తాగుకుంట 32 కాడ తెగింది. మన దగ్గర ఇల్లు అడిగే పద్ధతి ఇంతే. బ్రోకరు నడుమల కూర్చుంటడు, నోటిమాట మీద ధర తెగుతది, ఇగ ఆలస్యం చేస్తే మాట మారుతదని అప్పటికప్పుడే బయానా పెట్టిస్తరు. నేను 51 వేలు ఇచ్చిన. బ్రోకరు నోటుపుస్తకంల నుంచి ఒక కాగితం చింపి "ఇంటి బాబతు 51,000 ముట్టినవి" అని రాసి తనే సంతకం పెట్టి నా చేతికిచ్చిండు. ఇంటికి వచ్చినంక ఆ కాగితాన్ని నా సర్టిఫికెట్ల నడుమ దాచిన. మా నాయినకు ఫోన్ చేసి చెప్పిన. "పునాది ఎంత లోతు ఉందో అడిగినవా?" అన్నడు. ఆయన అడిగేది అదే.

ఐదో నాడు బ్రోకరు ఫోన్ చేసిండు. అమ్మేటాయన భార్య, మా ఇంటామె కూరగాయల కాడ కలిసిండ్రంట. ఆమె మంచిగనే మాట్లాడి, మాటల నడుమల అడిగిందంట. మా ఇంటామె దాచలేదు. బ్రోకరు అన్నడు: "సార్, వాళ్లింట్ల పెద్దామె ఉంది. దేవునిగది ఆమె కట్టిచ్చుకున్నది. మీకు అమ్మితే అన్నం తిననంటుందంట. ఏమనుకోకుండ్రి. పైసలు మొత్తం వాపస్ ఇస్తుండ్రు, మంచోళ్లు."

51 వేలకు 51 వేలు వాపసు వచ్చినయి. మంచోళ్లు అని బ్రోకరు మూడుసార్లు అన్నడు. ఒక్క రూపాయి బయానాకు మా తాతను చెట్టుకు కట్టేసిండ్రు. 51 వేల బయానా తీసుకున్నాయనను ఏ చెట్టూ పట్టలేదు.

ఆ రాత్రి నాకు బరోడా యాదికొచ్చింది. 1917ల అంబేద్కర్ విదేశాల చదువు చదివి బరోడాకు నౌకరికి పోతే ఉండనీకి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంల పార్శీ పేరు పెట్టుకొని దిగిండు. పదకొండో నాడు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. తెలిసినోళ్లను అడిగితే ఎవరి సాకు వాళ్లు చెప్పిండ్రు. సాయంత్రం దాకా తోటల కూర్చొని బొంబాయి రైలెక్కిండు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల ఆయనే ఇది రాసుకున్నడు. నా ఇంటికి కర్రలు రాలేదు. ఫోన్ వచ్చింది. నూరేండ్లల్ల వచ్చిన మార్పు అంత.

నాగర్‌కర్నూల్ హాస్టల్ల నాకంటె నాలుగేండ్లు పెద్దాయన ఒకరు ఇప్పుడు వకీలు. ఆదివారం ఆ చీటీ పట్టుకొని ఆయన కాడికి పోయిన. కేసు వెయ్యాలన్న. ఆయన చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసి అడిగిండు:

"ఏ ఇల్లు? ఇంటి నంబరు ఏది?"

"రాయలే అన్నా."

"హద్దులు? మొత్తం ధర? మిగిలిన పైసలు ఎన్నడు ఇయ్యాలె, రిజిస్ట్రీ ఎన్నడు చెయ్యాలె?"

"లేదు."

"అమ్మేటాయన సంతకం?"

"బ్రోకరు సంతకం ఉంది."

"నువ్వు పదో తరగతి పిల్లలకు దరఖాస్తు ఎట్ల రాయాలో చెప్తవు గద? తారీఖు, ఎవరికి, ఎవరి నుంచి, విషయం. ఇల్లు కొననీకి పోయి అవన్నీ మర్చిపోయినవు."

తర్వాత నెమ్మదిగా చెప్పిండు. ఆయన చెప్పింది ప్రతి ఒక్కరికీ పనికొస్తది కాబట్టి ఇక్కడ రాస్తున్న. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం అంటే ఇల్లు నీదైనట్టు కాదు. ఆ ఒప్పందంతోటి ఇంటి మీద నీకు ఏ హక్కూ రాదు. ఇల్లు నీదయ్యేది సేల్‌డీడ్ రిజిస్ట్రీ అయిన నాడే. కానీ ఒప్పందం సరిగ్గ రాసుకుంటే, మాట తప్పినాయనను కోర్టుకు పిలిచి "రాసిచ్చినట్టు రిజిస్ట్రీ చెయ్యి" అని అడిగే హక్కు వస్తది. అది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం. 2018ల దాన్ని సవరించి ఇంకా గట్టి చేసిండ్రు. ఒప్పందంల గడువు రాసి ఉంటే ఆ గడువు నుంచి, లేకుంటే అమ్మనని చెప్పిన సంగతి తెలిసిన నాటి నుంచి, మూడేండ్ల లోపల దావా వెయ్యాలె. నోటిమాట కూడా ఒప్పందమే, కాకపోతే రుజువు చెయ్యాలె. "నీ చీటీతోటి ఏం రుజువు చేస్తవు? పైసలు సుత వాపస్ తీసుకున్నవు. ఇగ కులం మాట అంటవా, అది ఫోన్ల బ్రోకరు అన్నది. అమ్మేటాయన ఏమంటడు? మా తమ్మునికి ఇస్తున్నం అంటడు. వాళ్లు కారణాన్ని ఎన్నడూ కాగితం మీద పెట్టరు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. పదిహేడేండ్లు చదివి, పన్నెండేండ్లు చదువు చెప్పి, వేలిముద్ర వేసిన మా తాత లెక్కనే పైసలిచ్చి వచ్చిన.

హాస్టల్ల నాతోటి చదివిన మిత్రుడొకడు ఇంగ్లండుల ఉన్నడు. లండన్ల కింగ్ హెన్రీస్ రోడ్డు మీద 10 నంబరు ఇల్లు ఉంది. 1921–22ల అంబేద్కర్ అక్కడ ఉండి చదువుకున్నడు. 2015ల మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని కొన్నది. ఆ ఇల్లు చూసొచ్చి నాకు ఫోన్ చేసినప్పుడు నా సంగతి చెప్పిన. వాడు అక్కడ ఇల్లు కొన్నడు. వాని కొనుగోలు కథ నా కథకు తలకిందులుగ ఉన్నది.

అక్కడ 'ఇంత ఇస్త' అని ఆఫర్ పెడతరంట. అమ్మేటోడు సరే అంటడు. కానీ అప్పటికి ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. అప్పుడు సొలిసిటర్ వస్తడు. కొనేటోనికి తన సొలిసిటర్, అమ్మేటోనికి తన సొలిసిటర్. కొనేటోని సొలిసిటర్ ల్యాండ్ రిజిస్ట్రీల హక్కు ఎవరి పేర ఉందో చూస్తడు. ఊరి కౌన్సిల్ రికార్డులు వెతికిస్తడు. దారి హక్కులు, బాకీలు, కట్టడం అనుమతులు అన్నీ అడుగుతడు. అనుమానం ఉన్నకాడల్ల ప్రశ్న రాసి జవాబు రాతల తెప్పిస్తడు. ఇవన్నీ అయినంక రెండు దిక్కుల సంతకాల కాంట్రాక్టులు మార్చుకుంటరు. సాధారణంగా పదో వంతు డిపాజిట్ కట్టేది అప్పుడు. కట్టుబడేది కూడా అప్పుడే. అంతకుముందు అమ్మేటోడు ఎక్కువ ఇచ్చేటోడు దొరికితే తిరిగిపోవచ్చు. "అక్కడ కూడా మోసం ఉంటది, కానీ కాగితం చదవకముందు పైసలు మాత్రం పోవు" అన్నడు వాడు.

మన దగ్గర మొదలు పైసలు, ఆ తర్వాత కాగితాలు. సొలిసిటర్ అనే పేరు బొంబాయి పెద్ద కంపెనీల కాడ వినపడ్తది గని వనపర్తిల అట్లాంటి బోర్డు లేదు. ఆయన చేసే పని నలుగురు పంచుకుంటరు. మా వకీల్ సాబ్ వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టి చూపిండు. బ్రోకరు కమీషన్ మనిషి, బేరం తెగితేనే ఆయనకు కూలి. దస్తావేజు రాసేటాయన చెప్పింది రాస్తడు, నిజమా అబద్ధమా అని వెతకడు. బ్యాంకు ప్యానెల్ వకీలు కాగితాలు చూస్తడు, కానీ ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రమేనా అని. ఆయన ఫీజు నీ జేబుల నుంచి పోతది, ఆయన మాత్రం బ్యాంకు మనిషి. సబ్‌రిజిస్ట్రార్ దస్తావేజును రిజిస్ట్రీ చేస్తడు, హక్కుకు పూచీ పడడు. మన దేశంల రిజిస్ట్రేషన్ అంటే ఫలానా కాగితం ఫలానా నాడు రాసుకున్నరని సర్కారు సాక్ష్యం, అంతే. "ఈ నలుగురిల నీ మనిషి ఎవరు?" అని అడిగిండు. నేను జవాబు చెప్పలేదు. "అందుకే నీ పైసలతోటి నీ వకీలును పెట్టుకో. బయానా కంటె ముందు పెట్టుకో."

రెండో ఇల్లు దొరికింది. ఊరికి కొంచెం ఎడం, కొత్త ప్లాట్ల దిక్కు. 150 గజాలు, పక్కా ఇల్లు. ఆ దిక్కు ధరల లెక్కన 30 లక్షలు ఉండాలె. ఆయన 22కే ఇస్తనన్నడు. నేను ఈసారి దాచుకోలేదు. కూర్చున్నంక మొదటిమాటనే "మేము మాదిగోళ్లం, ఇప్పుడే చెప్తున్న" అన్న. ఆయన మొహం వాడలేదు, ఇంకా సంబరపడ్డడు. "అయ్యో, దానికేమున్నది సార్. మీ అసుంటోళ్లకే ఇయ్యాలనుకుంటున్న" అని చాయ తెప్పిచ్చిండు. మా ఇంటామెకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. నాకు సుత మనుషుల మీద నమ్మకం మళ్లొచ్చింది.

అయినా బయానా ఇయ్యలేదు. కాగితాల నకలు అడిగిన. రెండు రోజులు ఆగి ఇచ్చిండు. 1994 నాటి సేల్‌డీడ్ ఒకటి, ఆ తర్వాతి సేల్‌డీడ్ ఒకటి, ఇంటిపన్ను రశీదు, ఈసీ. ఈసీల ఏ అప్పూ లేదు, ఏ గొడవా లేదు. నా కంటికి బంగారం లెక్క కనపడ్డది.

వకీల్ సాబ్ మూడు వేలు ఫీజు తీసుకున్నడు. "తమ్మునివని తగ్గించను, తగ్గిస్తే పని తగ్గుతది" అన్నడు. ముందు ఈసీని పక్కకు పెట్టిండు. ఈసీల రిజిస్ట్రీ అయిన లావాదేవీలే ఉంటయి. ఇప్పుడు 1983 నుంచి ఆన్‌లైన్‌ల దొరుకుతున్నయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా అందుల కనపడదు. కోర్టు కేసు కనపడకపోవచ్చు. భూమి ఏ జాతిదో, సర్కారుదా పట్టాదా, అది చెప్పదు. ఈసీ శుభ్రంగ ఉంటే కాగితాలు శుభ్రంగ ఉన్నట్టు కాదు.

తర్వాత సేల్‌డీడ్లు చదివిండు. రెండింట్ల ఇంటి నంబరు ఉంది, సర్వే నంబరు లేదు. "ఇల్లు గాలిల లేదు గద, భూమి మీద ఉంది గద? ఏ సర్వే నంబరు భూమి?" అన్నడు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత భూముల జాబితా ఉంటది. సర్వే నంబరు రాస్తే ఆ జాబితాల పడ్తది. అందుకని ఉత్త ఇంటి నంబరుతోటి రిజిస్ట్రీ చేయించుకునే తెలివి కొందరికి ఉంటదని చెప్పిండు. ఆఖర్న 1994 కాగితంల హద్దుల కాడ వేలు పెట్టి నిలిపిండు. నన్నే చదవమన్నడు. తూర్పుకు బాట, దక్షిణానికి ఫలానా వారి ప్లాటు, పడమరకు వాగు. ఉత్తరానికి 'మాదిగోళ్ల లావణి పట్టా మిగులు జాగ'.

ఉత్తరం దిక్కు మిగిలింది మాదిగోళ్ల జాగ అయితే, ఈ ఇల్లున్న జాగ ఎవరిది?

ఆయన ఆ హద్దు పట్టుకొని పాత పహాణీల నకళ్లు తీయించిండు. 1954–55 ఖాస్రా పహాణీల ఆ సర్వే నంబరు సర్కారీ భూమి. 1970ల పహాణీలల్ల అది లావణి పట్టా. భూమిలేని పేదకు సర్కారు ఇచ్చింది. పట్టాదారు గడిల 'మాదిగ' అని రాసి, పక్కన ఒక పేరు. ఇంటిపేరు లేదు. మా కులమే ఆయన ఇంటిపేరు.

1977ల అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది, ఆ ఏడు 9వ చట్టం. దాని ప్రకారం సర్కారు పేదలకు ఇచ్చిన భూమి పిల్లలకు వారసత్వంగ వస్తది గని అమ్మనీకి కుదరదు. అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, కొన్నోనికి హక్కు రాదు. సర్కారు ఆ భూమిని స్వాధీనం చేసుకొని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇయ్యాలె, అది కుదరకుంటే తను ఉంచుకుంటది. కాగితాలు ఎన్ని చేతులు మారినా మొదటి చేతిల లేని హక్కు చివరి చేతికి రాదు. 2011ల సూరజ్ ల్యాంప్ కేసుల సుప్రీంకోర్టు కూడా జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతోటి ఇండ్లు జాగలు అమ్ముడు అమ్మకం కాదని చెప్పింది. "రిజిస్ట్రీ కాకుంటే నోటరీ మీద రాసిస్త అంటడు చూడు" అని వకీల్ సాబ్ ముందే అన్నడు.

అమ్మేటాయనను అడిగిన. ఆయన బెదరలేదు. "అవును సార్, లావణిదే. ఈడ అన్ని ఇండ్లూ అంతే. రిజిస్ట్రీకి ఇబ్బందైతే నోటరీ మీద రాసిస్త. మీరు ఎస్సీలు. రేపు ఎవరన్న వచ్చి అడిగినా మీ భూమి మీ కాడ ఉన్నట్టే అయితది. మీరైతే సర్కారు ఏమనదు. అందుకే మీకు ఇయ్యాలనుకున్న."

చాయ ఎందుకు తెప్పిచ్చిండో అప్పుడు సమజైంది. మొదటి ఇంటాయనకు నా కులం మైల. రెండో ఇంటాయనకు నా కులం ముసుగు. ఇద్దరూ నా కులాన్ని చూసే బేరం చేసిండ్రు. మొదటాయన కాడ ఏడ్చిన మా ఇంటామె, రెండోసారి ఏడవలేదు. "22 లక్షలు పెట్టి మనోళ్ల భూమినే మనం దొంగసొమ్ము కొన్నట్టు గద" అన్నది.

నేను ఆ పహాణీ నకలు జేబుల పెట్టుకొని ఆ దిక్కు గేరికి పోయిన. రెండు ఆదివారాలు తిరిగితే పట్టాదారు బిడ్డ దొరికింది. డెబ్బై దాటిన అవ్వ. అరుగు మీద చింతపండు గింజలు తీసుకుంట కూర్చున్నది. నేను ఎవరోళ్లనో ఆమె కూడా అడిగింది. చెప్పిన. "అట్లనా, లోపటికి రా కొడుకా" అన్నది.

ఆ భూమి సంగతి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. కరువు ఏడు. ఇంట్ల ఐదుగురు పిల్లలు. రెండు బస్తాల జొన్నలకు వాళ్లయ్య తెల్లకాయితం మీద వేలిముద్ర వేసిండు. కుదవ పెడ్తున్ననే అనుకున్నడంట. మళ్ల ఏడు జొన్నలు తిరిగి ఇయ్యవోతే "అమ్ముకున్నవు గదరా" అన్నరంట.

"కాయితం చదివి వినిపించలేదా అవ్వా?"

"ఎవరు చదువుతరు కొడుకా? వేలు పట్టుకొని వాళ్లే ఒత్తిండ్రు."

మా నాయిన గుంపు మేస్త్రి పుస్తకంల వేసిన వేలిముద్రలు నాకు గుర్తొచ్చినయి. మా దిక్కు కాగితం రాసినోడు ఉన్నడు, వేలిముద్ర వేసినోడు ఉన్నడు. మా తరఫున చదివినోడు ఒక్కడూ లేడు. వకీలు అంటే కోర్టుల నల్లకోటు వేసుకొని వాదించేటోడని అనుకుంటం. వాదించే పని చాలా తర్వాత. వేలిముద్ర పడకముందు మన పక్కన కూర్చొని కాగితం చదివి, "ఇది కుదవ కాదు, అమ్మకం" అని చెప్పేటోడు ఆ నాడు ఒక్కడుంటే ఆ భూమి పోయేది కాదు.

చట్టం సంగతి అవ్వకు చెప్పిన. వారసులు అడగొచ్చని చెప్పిన. ఆమె మొదలు భయపడ్డది. "ఆ ఇండ్లన్నీ కూలగొడ్తరా? వాళ్ల పిల్లలు ఏడుంటరు?" అన్నది. ఆ ప్లాట్లల్ల ఆటో తోలేటోళ్లున్నరు, బీడీలు చేసేటోళ్లున్నరు, మా కులపోళ్లు కూడా ఇద్దరున్నరు. అప్పులు చేసి కొన్నోళ్లే అందరూ. మోసం చేసినోడు అమ్ముకొని ఎన్నడో పోయిండు. ఇది నాకు తెగని ప్రశ్న. చట్టం అవ్వ పక్కన ఉంది. ఆ ఇండ్లల్ల ఉన్నోళ్లు కూడా నా అసుంటోళ్లే. అవ్వ కొడుకులు, మా వకీల్ సాబ్ కూర్చొని మాట్లాడుకున్నరు. ఇండ్లు పడని జాగ ఉత్తరం దిక్కు ఇంకా పన్నెండు గుంటలున్నది. దానికే దరఖాస్తు పెట్టాలనుకున్నరు. పెట్టిండ్రు. రశీదు తీసుకున్నరు. రశీదు తీసుకోకుండ ఏ దరఖాస్తూ ఇయ్యొద్దని నేను ఇప్పుడు ప్రతి ఒక్కరికీ చెప్తున్న.

ఈ పుస్తకం చదివే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు కూడా చెప్పాలె. మీరు నౌకర్లల్ల కుదురుకుంటరు, ఏదో ఒకనాడు ఇల్లు అడగబోతరు. ధర మాట్లాడుకోండ్రి, కానీ బయానా ఆపుండ్రి. పాత దస్తావేజులు ముప్ఫై ఏండ్ల వెనుకకు అడగండ్రి. సర్వే నంబరు అడగండ్రి. హద్దులు చదవండ్రి. మన పేర్లు వాళ్ల కాగితాలల్ల హద్దుల కాడనే దొరుకుతయి. వకీలు 'సరే' అన్నంకనే ఒప్పందం రాసుకోండ్రి. ధర, గడువు, ఇంటి నంబరు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలె. బయానా చెక్కు మీద ఇయ్యుండ్రి. మున్సిపాలిటీల రిజిస్ట్రీకి స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ సుంకాలు కలిపి విలువల ఏడున్నర శాతం అయితది, అది ధరకు పైన అని యాది పెట్టుకోండ్రి. కార్యకర్తలకు ఒక మాట. మీటింగులకు మనకు వక్తలు దొరుకుతున్నరు. గేరిలల్ల పాత పెట్టెలు తెరిచి కాగితాలు చదివే వకీళ్లు, చదువుకున్న పిల్లలు ఇంకా చాలినంతమంది లేరు. లా చదివిన మన పిల్లలు వారంల ఒక్క పూట ఆ పని చేస్తే ఎన్ని హద్దులు బయటపడ్తయో.

నేను ఇంకా ఆ ముస్లిం అవ్వ ఇంట్లనే కిరాయికున్న. మూడో ఇల్లు ఒకటి చూసినం. కులం నేనే ముందు చెప్పిన. ఆయన ఇంట్ల అడిగి చెప్తనన్నడు. కాగితాల నకలు వకీల్ సాబ్ కాడ ఉన్నయి. బయానా ఇయ్యలేదు. మా నాయిన వచ్చి పునాది చూసి పోయిండు, బాగున్నదన్నడు.

పోయిన ఆదివారం అవ్వ కాడికి మళ్ల పోయిన. దరఖాస్తుకు జవాబు రాలేదు. ఆమె ఆ పహాణీ నకలును ప్లాస్టిక్ కవర్ల పెట్టి, ఆధార్ కార్డుతోటి కలిపి ట్రంకుపెట్టెల దాచింది. తీసుకొచ్చి నా చేతుల పెట్టి, "మా అయ్య పేరు ఏడున్నదో చూపియ్యి" అన్నది. చూపిన. ఆ అక్షరాల మీద వేలు పెట్టి "చదువు కొడుకా" అన్నది. చదివిన. చింతపండు చేతులు కొంగుకు తుడుచుకొని, మళ్ల అదే జాగల వేలు పెట్టి, "ఇంకోపారి చదువు" అన్నది.